చలికాలం, పెరటి కెమెరా: వందల్లో ఖాళీ ఫొటోలు, తెల్లారేసరికి అద్దం మీద మంచు

పెరటిగుమ్మం:

ఊరి చివరి ఇల్లు. వెనక కంచె, కంచె అవతల తుప్పలు, చిన్న వాగు. చలి మొదలయ్యాక రాత్రుళ్లు ఏవో తిరుగుతున్న ఆనవాళ్లు కనపడుతుంటే కంచె గుంజకి ట్రయల్ కెమెరా (ఏదైనా జంతువు ఎదురుగా వస్తే తనంతట తానే ఫొటో తీసేది) కట్టాం. నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తు, ముఖం తూర్పుకి. చిక్కులు ఇవీ:

తొమ్మిది రాత్రుల్లో దాదాపు 1,400 ఫొటోలు పడ్డాయి. జంతువు ఉన్నవి ఇరవై కూడా లేవు. మిగతావాటిలో ఎక్కువ పొద్దున్న 7 నుంచి 10 మధ్య పడ్డవే, ఊగే గడ్డి తప్ప ఏమీ లేదు. ఎనిమిది ఆల్కలైన్ ఏఏ సెల్స్ తొమ్మిదో రాత్రికే అయిపోయాయి. విచిత్రం ఏంటంటే అవే సెల్స్ టార్చిలో వేస్తే ఇంకా వెలుగుతున్నాయి. తెల్లవారుజాము ఫొటోలు చూస్తే పాలల్లో ముంచి తీసినట్టున్నాయి.

ఇంకోటి పక్షుల సంగతి. నీళ్ల కోసం 10 సెంటీమీటర్ల లోతున్న ప్లాస్టిక్ తొట్టి పెట్టాం. అంచున వాలతాయి, తొంగి చూస్తాయి, ఎగిరిపోతాయి. తొట్టి కిటికీకి 4 మీటర్ల దూరంలో ఉంది. వారంలో రెండుసార్లైనా ఏదో ఒక పిట్ట కిటికీ అద్దానికి గుద్దుకుంటోంది. ఒక్కో దానికి కారణం, మార్గం తెలిసినవాళ్లు చెప్పగలరా?

చీకటికన్ను:

కెమెరా వరకు నేను చెప్తాను. ముందు ఒక అపోహ పోవాలి. ఈ కెమెరా కదలికని చూడదు, వేడిలో తేడాని చూస్తుంది. సెన్సర్ ముందున్న పాలరంగు ప్లాస్టిక్ ముక్కని దగ్గరగా చూడండి, దాని మీద గళ్లు గళ్లుగా గీతలుంటాయి. ఎదురుగా ఉన్న స్థలాన్ని అవి ముక్కలుగా కోసి సెన్సర్‌కి అందిస్తాయి. ఒక గడిలో ఉన్న వేడి పక్క గడిలోకి జరిగితేనే కెమెరా లేస్తుంది. అందుకే జంతువు అడ్డంగా నడిచిపోతే బాగా దొరుకుతుంది, నేరుగా కెమెరా వైపు నడిచి వస్తే చాలాసార్లు మీద పడేదాకా దొరకదు. దారి మీద కెమెరా కట్టేటప్పుడు దారికి ఎదురుగా కాకుండా 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టమనేది ఇందుకే.

మీ 7 నుంచి 10 ఫొటోల గుట్టూ ఇదే. రాత్రంతా చల్లబడ్డ నేల మీద పొద్దున్నే ఎండ పడుతుంది. సన్నటి గడ్డిపోచలు నిమిషాల్లో వేడెక్కుతాయి, వెనకున్న మట్టి ఇంకా చల్లగానే ఉంటుంది. గాలికి గడ్డి ఊగితే వేడి పోచ ఒక గడి నుంచి ఇంకో గడికి జరిగినట్టే లెక్క. కెమెరా దృష్టిలో అది ఎలుక పరుగెత్తడం లాంటిదే. పైగా మీది తూర్పు ముఖం, సూర్యుడు సూటిగా సెన్సర్ మీదే పడుతున్నాడు. భూమధ్యరేఖకి ఉత్తరాన ఉండేవాళ్లకి చలికాలం సూర్యుడు రోజంతా దక్షిణం వైపు వాలి, కిందగా తిరుగుతాడు. కాబట్టి కెమెరా ముఖం ఉత్తరానికి తిప్పండి. అది కుదరకపోతే కనీసం ఎదురుగా గోడో, దట్టమైన పొదో ఉండేట్టు చూడండి. ముందు 4 మీటర్ల వరకు గడ్డి నేలకంటా కోసేయండి. లెన్సుకి అర మీటరు లోపల ఒక్క ఆకు వేలాడినా రాత్రి ఫ్లాష్ అంతా దాని మీద పడి వెలిగిపోతుంది, వెనక ఉన్నదంతా చీకటైపోతుంది.

గుంజ గట్టిదేనా? బొటనవేలితో నెట్టి చూడండి. కదిలిందంటే గాలికీ కదులుతుంది. గుంజ ఊగితే ఎదుటి దృశ్యం మొత్తం ఊగినట్టే.

సెన్సిటివిటీ "హై"లో పెట్టారేమో చూసుకోండి. అది ఎండాకాలం మధ్యాహ్నానికి. అప్పుడు నేల వేడీ జంతువు ఒంటి వేడీ దగ్గరదగ్గరగా ఉండి సెన్సర్‌కి తేడా అందదు. చలిలో ఆ తేడా ఎక్కువ కాబట్టి మీడియం సరిపోతుంది. ఒక్క మెలిక ఉంది. చలికి బొచ్చు దట్టంగా పెంచుకున్న జంతువు పైపొర దాదాపు చుట్టూ ఉన్న గాలంత చల్లగానే ఉంటుంది, వేడి బయటపడేది ముఖం, కళ్లు, కాళ్ల దగ్గరే. కాబట్టి "లో"కి మాత్రం దించొద్దు.

ఎత్తు 1.2 మీటర్లు అంటే జింకలకి, అడవిపందులకి. ముంగిస, కుందేలు, పిల్లిజాతివి దాని కిందుగా వెళ్లిపోతాయి. 40 నుంచి 50 సెంటీమీటర్లకి దించి, లెన్సు నేలకి సమాంతరంగా పెట్టండి. జంతువు నడిచే చాలు (దారి) 3 నుంచి 5 మీటర్ల దూరంలో ఉండాలి. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఆ చాలు మీద మోకాళ్ల మీద పాకుతూ అడ్డంగా వెళ్లి ఫొటో పడిందేమో చూసుకోండి. చూసినవాళ్లు నవ్వితే నవ్వనీండి, ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

సెల్స్ సంగతి. ఆల్కలైన్ సెల్ కొత్తదప్పుడు 1.5 వోల్టులు, వాడేకొద్దీ మెల్లగా జారుతూ వస్తుంది. చలికి లోపలి నిరోధం పెరుగుతుంది. రాత్రి ఫ్లాష్ వెలిగే క్షణంలో కెమెరా ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ కుంగుతుంది, "బ్యాటరీ అయిపోయింది" అనుకుని కెమెరా ఆగిపోతుంది. చిన్న టార్చి లాగేది తక్కువ కాబట్టి అందులో అవే సెల్స్ వెలుగుతాయి. వాటిని పారేయకుండా గోడ గడియారానికి వాడుకోండి. కెమెరాకి మాత్రం చార్జింగ్ లేని లిథియం ఏఏ సెల్స్ వేయండి. కెమెరా ఎక్కువ కరెంటు లాగినప్పుడు కూడా వోల్టేజీ నిలబెడతాయి, మైనస్ 40 డిగ్రీల దాకా పనిచేస్తాయి. కొత్తవీ పాతవీ కలపొద్దు, రకాలు కలపొద్దు.

సెల్స్ తినేది ముఖ్యంగా ఫ్లాషే. చలికాలం రాత్రి పొడుగు కాబట్టి ఖర్చూ ఎక్కువే. ఫొటోకి ఫ్లాష్ రెప్పపాటు వెలిగితే చాలు, 15 సెకన్ల వీడియోకి 15 సెకన్లూ వెలుగుతూనే ఉండాలి. మొదటి రెండు వారాలు ఫొటోలకే పెట్టి, ఏది ఎక్కడ తిరుగుతోందో తెలిశాక వీడియోకి మార్చండి.

ఇక పాలల్లో ముంచిన ఫొటోలు. ఇందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి, మందులు వేరు.

ఫొటో మసకగా ఉండి, సూర్యుడొచ్చిన గంటకి తనంతట తానే తేటపడితే అది అద్దం బయట పట్టిన మంచు. మబ్బులేని రాత్రి అద్దం తన వేడిని ఆకాశంలోకి వదిలేసి గాలికంటే చల్లబడుతుంది, తేమ దాని మీద చేరుతుంది. అద్దానికి ఆకాశం కనపడకుండా చేస్తే చాలావరకు పోతుంది. లెన్సు పైన 4, 5 సెంటీమీటర్లు ముందుకొచ్చేలా ప్లాస్టిక్ చూరు అతికించండి, నల్లటిదైతే మేలు. మరీ పొడుగైతే ఫ్లాష్ వెలుగు దానికే తగిలి తిరిగొస్తుంది.

మధ్యాహ్నం దాకా పోకుండా, గుడ్డతో తుడిచినా పోకుండా ఉంటే తేమ లోపల ఉంది. కెమెరా తలుపు చుట్టూ ఉన్న రబ్బరు రింగు తీసి చూడండి, ఒక ఇసుక రేణువు ఇరుక్కున్నా చాలు. తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా పూసి పెట్టండి. తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేయండి. ముఖ్యంగా, కెమెరాని మంచు కురిసే వేళ తెరవకండి, ఆ తడిగాలినే లోపల పెట్టి మూసినట్టవుతుంది. ఎండెక్కాక, గాలి పొడిగా ఉన్నప్పుడు మెమరీ కార్డు మార్చండి. చల్లటి కెమెరాని ఇంట్లోకి తెచ్చేటప్పుడు బయటే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి, గది వేడికి వచ్చాకే తీయండి.

మూడోది నిజంగానే పొగమంచు. చుక్కలు చుక్కలుగా, ఫ్రేమంతా ఒకే తీరుగా తెల్లగా ఉంటుంది. గాలిలో తేలే నీటి బిందువులు ఫ్లాష్ వెలుగుని తిప్పి కొడుతున్నాయి. దీనికి తుడిచేదేమీ లేదు. ఫ్లాష్ పవర్ తగ్గించి, చాలుకి 3 మీటర్ల దగ్గరికి జరపడమే.

రెక్కలచప్పుడు:

తొట్టి గురించి. పది సెంటీమీటర్లంటే పిచ్చుకకి బావి లాంటిది. చిన్న పక్షి కాళ్లు ఆనేంత లోతులోనే దిగుతుంది. అంచు దగ్గర దాదాపు ఏమీ లేకుండా మొదలై, నడిమధ్య 5 సెంటీమీటర్లు దాటని వాలు ఉండాలి. నున్నటి ప్లాస్టిక్ మీద గోళ్లకి పట్టు దొరకదు. వెడల్పాటి మట్టి పళ్లెం మంచిది. ఉన్న తొట్టే వాడాలంటే ఒక పక్క గులకరాళ్లు పేర్చి వాలు చేయండి, మధ్యలో నీటికి పైకి తేలేలా ఒక గరుకు రాయి పెట్టండి. మొదటి పక్షి ఆ రాయి మీదే వాలుతుంది.

చలికాలంలో స్నానమెందుకనిపిస్తుంది. ఈకల మధ్య పట్టి ఉంచిన గాలే వాటి దుప్పటి. ఈకలు మురికిపట్టి అతుక్కుంటే గాలి నిలవదు, ఒళ్లు చల్లబడుతుంది. అందుకే చలిలోనూ తడిపి, విదిలించి, ముక్కుతో ఒక్కో ఈకా సర్దుకుంటాయి. ఆ సర్దుకోవడం చూడాలంటే తొట్టికి 2, 3 మీటర్ల దూరంలో ఒక ఎండుకొమ్మ పాతండి. తడిసిన పక్షి సరిగ్గా ఎగరలేదు, ముందు దగ్గరున్న కొమ్మ ఎక్కుతుంది. పొద మాత్రం తొట్టికి ఆనుకుని ఉండకూడదు, పిల్లి పొంచి ఉండేది అక్కడే.

నీళ్లు రోజూ మార్చాలి. వారానికోసారి ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి, తోమి, వాసన పోయేదాకా కడిగి, ఎండలో ఆరబెట్టి నింపండి. బ్లీచ్‌లో వెనిగర్ గానీ, ఇంకే క్లీనర్ గానీ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నీళ్లు గడ్డకట్టే చోట ఉండేవాళ్లు ఉప్పో, కార్లలో పోసే యాంటీఫ్రీజో వేయాలనుకుంటారు. రెండూ ప్రాణం తీసేవే. పొద్దున్నే గడ్డ తీసేసి గోరువెచ్చటి నీళ్లు పోయండి, చాలు. అలాంటిచోట మట్టి, పింగాణీ పళ్లేలు వద్దు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పళ్లెం పగులుతుంది.

కిటికీ. 4 మీటర్లు అన్నిటికంటే చెడ్డ దూరాల్లో ఒకటి. పక్షి బెదిరి లేచిందంటే అద్దం చేరేలోపు పూర్తి వేగం అందుకుంటుంది. తొట్టినీ గింజల పళ్లేన్నీ అయితే కిటికీకి ఒక మీటరు లోపలికి తెచ్చేయండి, లేదా 10 మీటర్ల అవతలికి జరపండి. మీటరు లోపలైతే గుద్దుకున్నా దెబ్బ తగిలేంత వేగం ఉండదు. అద్దం మీద ఒక గద్ద బొమ్మ అతికించి ఊరుకునేవాళ్లుంటారు. పనిచేయదు, పక్షి ఆ బొమ్మ పక్కనుంచి పోబోయి గుద్దుకుంటుంది. చుక్కలో గీతలో అద్దమంతా ఉండాలి, అటూ ఇటూ 5 సెంటీమీటర్ల ఎడంతో, అద్దానికి బయటి వైపు. లోపలి వైపు అతికిస్తే బయటి ప్రతిబింబం వాటిని మింగేస్తుంది. ఆకాశమూ చెట్లూ అద్దంలో కనపడుతున్నంతసేపూ పక్షికి అది దారే.

గుద్దుకుని కింద పడితే నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, అందులో ఉంచి, చీకటిగా, నిశ్శబ్దంగా గంటో రెండు గంటలో వదిలేయండి. బయటికి తెచ్చి మూత తీస్తే చాలావరకు ఎగిరిపోతాయి. అప్పటికీ లేవకపోయినా, రెక్క వేలాడుతున్నా పశువైద్యుడికి చూపించాలి.

గట్టుమీద:

చీకటికన్ను గారు చెప్పిన లిథియం సెల్స్ మంచివే. కానీ ఏడాదంతా కెమెరా నడిపేవాళ్లు అవే కొంటూ పోలేరు. చార్జ్ చేసుకునే నికెల్ సెల్స్ కూడా చలికి ఆల్కలైన్ కంటే మేలు. ఒక్కో సెల్ 1.2 వోల్టులే కాబట్టి ఎనిమిదీ వరసగా పడే కెమెరాలో 12కి బదులు 9.6 వస్తుంది. కొన్ని కెమెరాలు దానికి ఒప్పుకోవు, పగలు పనిచేసి రాత్రి ఫ్లాష్ వేయవు. మీ కెమెరా పుస్తకంలో ఆ సెల్స్ పేరు ఉందో లేదో చూసి కొనండి. నిండా చార్జ్ ఉన్నా బ్యాటరీ గుర్తు సగమే చూపిస్తుంది, కంగారు పడొద్దు.

ఇంకోమాట. కెమెరా ఎక్కడ కట్టాలో కెమెరా చెప్పదు, నేల చెప్తుంది. కంచె కింద సందుల దగ్గర మీటరు పొడవు, మీటరు వెడల్పు స్థలం చదును చేసి, జల్లించిన మెత్తటి మట్టి ఒక సెంటీమీటరు మందాన పరచండి. సాయంత్రం చీపురు వెనకభాగంతో నున్నగా లాగేయండి. పొద్దున్న సూర్యుడు కిందగా ఉన్నప్పుడే చూడాలి. ఏటవాలు వెలుగులో అడుగు అంచున నీడ పడి లోతు తెలుస్తుంది, ఎండ నడినెత్తికొస్తే అదే అడుగు కనపడదు. మంచు ఎక్కువ కురిస్తే మట్టి పైన పెచ్చు కట్టి తేలికపాటి జంతువు అడుగు పడదు. అలాంటి రోజుల్లో మట్టి మీదుగా చూరులా ఒక రేకు వేయండి.

పిల్లిజాతి అడుగు గుండ్రంగా ఉంటుంది, సాధారణంగా గోళ్లు పడవు, వేళ్ల వెనకున్న పెద్ద మెత్తకి కింది అంచున మూడు ఉబ్బులుంటాయి. కుక్క, నక్క అడుగు కాస్త పొడుగ్గా, గోళ్లు పడి ఉంటుంది. వేళ్లకీ మెత్తకీ మధ్యలో మట్టి గుణకారం గుర్తులా లేచి ఉంటుంది. ముంగిసకి వేలు వేలుకీ గోరు పొడుగ్గా పడుతుంది. కుందేలుది తికమక పెడుతుంది: పెద్ద వెనక కాళ్ల గుర్తులు ముందు ఉంటాయి, చిన్నవి వెనక. దూకేటప్పుడు వెనక కాళ్లు ముందు కాళ్లని దాటి పడతాయి, అందుకని. అది ఎటు వెళ్లిందో తెలియాలంటే పెద్ద గుర్తులున్న వైపు చూడండి.

అడుగు పక్కన స్కేలు పెట్టి నిట్టనిలువుగా పైనుంచి ఫొటో తీయండి. కొలత లేని ఫొటో చూపించి ఏ జంతువని అడిగితే ఎవరూ చెప్పలేరు.

పెరటిగుమ్మం:

చాలా సంగతులు తేలాయి, థాంక్సండి. కెమెరా దించి ఉత్తరానికి తిప్పాం, గడ్డి కోశాం. ఇంకో రెండు ప్రశ్నలు. కెమెరా ముందు గింజలో, మిగిలిన తిండో వేస్తే ఎక్కువ జంతువులు రావా? కొట్టం చూరు కింద నేల మీద నల్లగా, బొటనవేలంత ఉండలు కనపడుతున్నాయి, విరిస్తే లోపల వెంట్రుకలు, సన్నటి ఎముకలు. ఇది ఏ జంతువు పెంట?

రెక్కలచప్పుడు:

పెంట కాదండీ, గుడ్లగూబ కక్కిన ఉండలు. ఎలుకని మింగి, అరగని వెంట్రుకలూ ఎముకలూ ఇలా ఉండ చేసి నోటితో వదిలేస్తుంది. నల్లగా, మెరుస్తూ ఉంటే తాజావి. పాతబడితే బూడిదరంగుకి తిరిగి పొడిపొడి అవుతాయి. తాజావి కనపడుతున్నాయంటే పైన దూలం మీదే అది పగలు కూర్చుంటోంది. తల పైకెత్తి టార్చి వేయకండి, పగటి బస చెదిరితే వదిలి వెళ్లిపోతుంది.

చేతికి గ్లౌజు వేసుకుని ఒక ఉండని గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, రెండు పుల్లలతో విడదీసి చూడండి. ముందు పళ్లు నారింజరంగులో, ఉలిలా వంగి ఉండి, వెనక దవడ పళ్లకీ వాటికీ మధ్య ఖాళీ ఉంటే ఎలుకజాతిది. చుంచుకి ఆ ఖాళీ ఉండదు, దవడంతా సన్నటి మొనదేలిన పళ్లే వరసగా ఉంటాయి. ఆ కొట్టంలో ఏవి ఎక్కువ తిరుగుతున్నాయో మీకు ఆ ఉండలే చెప్తాయి.

ఇది తెలిశాక ఒక పని మాత్రం చేయొద్దు. చలికి ఎలుకలు ఇంట్లోకి చేరతాయి, బ్రోమాడియోలోన్, బ్రోడిఫాకూమ్ ఉన్న మందు పెడతారు. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మందకొడిగా తిరుగుతుంది. గుడ్లగూబకి దొరికేది ముందు అదే. మందు దాని కాలేయంలో పేరుకుని లోపల రక్తం కారి చస్తుంది. బోను పెట్టండి, గింజల డబ్బాలకి మూతలు బిగించండి, గోడల్లో వేలు దూరేపాటి కంతలు సన్న ఇనుప జాలీతో మూయండి.

చీకటికన్ను:

తిండి వేయడం వద్దు. మిగిలిన తిండికి మొదట వచ్చేవి ఊరకుక్కలూ ఎలుకలే, 1,400 ఖాళీ ఫొటోల బదులు 1,400 కుక్క ఫొటోలు వస్తాయి. ఒకేచోట రోజూ రకరకాల జంతువులు మూతి పెడితే జబ్బులు ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుంటాయి. అడవిపంది లాంటిది ఇంటి గుమ్మానికి అలవాటు పడితే మనకే ప్రమాదం. పక్షులకి గింజలు వేయడం వేరే సంగతి. చిన్న పక్షి రాత్రంతా ఒంట్లో కొవ్వు కరిగించుకుని పొద్దున్నకి ఆకలితో లేస్తుంది, కాబట్టి తెల్లవారగానే, మళ్లీ పొద్దుగూకే ముందు, ఒక గంటలో అయిపోయేంతే వేయండి. ఉప్పు తగిలినవి వద్దు. ముక్కవాసన వచ్చే గింజలు అసలే వద్దు, బూజు విషం పక్షులకి తట్టుకోలేనంత. ఈకలు ఉబ్బించుకుని, దగ్గరికెళ్లినా ఎగరకుండా మగతగా కూర్చున్న పక్షి కనపడితే పళ్లేలు తీసి కడిగి రెండు వారాలు గింజలు మానేయండి. జబ్బు పక్షులు ఒకచోట గుమికూడకుండా ఉండాలనే.

జంతువులు రావాలంటే నీళ్లే చాలు. ఇంకా కావాలంటే కంచె మూల కట్టెలు అడ్డదిడ్డంగా పేర్చి, కదపకుండా వదిలేయండి. మీరు పొయ్యికి వాడే కట్టెల పేర్పు వేరే ఉండాలి, ఇంటికి దూరంగా, నేల నుంచి ఒక అడుగు ఎత్తున. చలికి మందగించిన పాములు, కప్పలు, తేళ్లు కట్టెల అడుగున సర్దుకుంటాయి. చేత్తో లాగకండి, ముందు పొడుగాటి కర్రతో కదిపి, గ్లౌజు వేసుకుని పైనుంచి ఒక్కో కట్టే తీయండి. ఎప్పట్నుంచో కదపని కుప్పకి ఉన్నచోటే నిప్పు పెట్టొద్దు, పక్కకి మార్చి అంటించండి.

పొద్దున్నే గదిలో కూర్చుని కిటికీలోంచి చూసేవాళ్లకి: తలుపులు మూసి కుంపటి పెట్టుకోకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన లేదు, తలనొప్పి మొదలయ్యాక లేచి వెళ్లేంత ఓపిక కూడా ఉండకపోవచ్చు. దుప్పటి కప్పుకోండి, కిటికీ రెండంగుళాలు తీసి ఉంచండి. గది చల్లగా ఉంటే బైనాక్యులర్‌కి ఆవిరి పట్టదు కూడా. మసకవెలుగుకి 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు) చాలు. 42ని 8తో భాగిస్తే 5.25, కంటికి చేరే వెలుగు వృత్తం అన్ని మిల్లీమీటర్లు. అదే 10×42కి 4.2 మాత్రమే, తెల్లవారుజామున ఆ తేడా కంటికి తెలుస్తుంది.

గట్టుమీద:

ఒక్కటి మర్చిపోయారు. సెల్స్ పూర్తిగా అయిపోతే కొన్ని కెమెరాల్లో తేదీ, టైము మొదటికి పోతాయి. సెల్స్ మార్చిన ప్రతిసారీ టైము సరిచూసి, చేతి గడియారాన్ని లెన్సు ముందు పెట్టి ఒక ఫొటో తీయండి. తర్వాత తేడా వచ్చినా లెక్క కట్టుకోవచ్చు. కార్డు కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. పాత కెమెరాలు చాలా వరకు 32 జీబీ దాటిన కార్డు చదవవు. కార్డు పక్కన చిన్న లాక్ మీట ఉంటుంది, లోపల పెట్టేటప్పుడు వేలు తగిలి అది కిందికి జరిగితే వారం తర్వాత చూసేసరికి ఒక్క ఫొటో కూడా ఉండదు.